ఎనిమిదో ప్రశ్న

హల్,
14 అక్టోబర్ 2018

బెవర్లీ అక్కకి,

నీ కార్డు అందింది. పైన పిల్లిబొమ్మ, లోపల "నలభై ఒక్కేళ్ళొచ్చాక పుస్తకాల సంచీ తగిలించుకుని ఏం సాధిద్దామని?" అన్న మాట. చదివి ఒళ్ళు మండింది. మొదటి వారమంతా బస్సులో నన్ను నేను అదే అడుక్కున్నాను కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండింది.

ఈ ఉత్తరం నేను చేత్తో రాయడం లేదు. వంటింట్లో తిరుగుతూ మాట్లాడుతుంటే ఫోనే అక్షరాలు వేసుకుంటోంది. రేపు లైబ్రరీలో అచ్చు తీసి పోస్ట్ చేస్తాను. మిల్లులో మగ్గాల మోత నీ చెవులు తినేశాక నీకు ఫోన్ చేసి లాభం లేదు కదా.

నువ్వు అడక్కపోయినా చెప్తాను. నాలాగ స్కూల్లో మార్కులు లేనివాళ్ళని నేరుగా సైకాలజీ డిగ్రీలో చేర్చుకోరు. ముందు ఒక ఫౌండేషన్ ఏడాది పెడతారు. అది గట్టెక్కితేనే డిగ్రీ మొదటి సంవత్సరం. ప్రతి సబ్జెక్టులోనూ నలభై రావాలి. తప్పితే ఆగస్టులో ఒక్కసారి మళ్ళీ రాయనిస్తారు. అదీ పోతే తిరిగి చేపల ఫ్యాక్టరీకే. ఇరవై మూడేళ్ళు ఆ బెల్టు పక్కన నిలబడ్డాను, ఇంకో ఇరవై మూడేళ్ళు నిలబడే ఓపిక నాకు లేదు.

క్లాసులో అందరూ పద్దెనిమిదేళ్ళవాళ్ళు. మొదటి రోజు నేను లోపలికి రాగానే ఒకమ్మాయి ఫోన్ దాచేసి నిటారుగా కూర్చుంది, పాఠం చెప్పేది నేనే అనుకుని. సీనియర్లు చేసే ప్రయోగాల్లో మేం కూర్చుంటే పాయింట్లిస్తారు. మొన్న ఒకమ్మాయి తెర మీద మొహాలు చూపిస్తూ "ఈయనకి కోపమా, బాధా?" అని అడిగింది. నాకు అందరూ కోపంగానే కనిపించారు.

అసలు సంగతికొస్తాను. మొదటి వ్యాసానికి నాకు ఇరవై ఎనిమిది వచ్చాయి. హెస్టర్ అని మా టీచరు నన్ను కూర్చోబెట్టి, "క్లాసులో మాట్లాడే మనిషి ఈ కాగితం మీద లేదు, లినెట్. నిన్నెవరైనా ఎప్పుడైనా పరీక్ష చేశారా?" అంది. నాకున్నది డిస్లెక్సియా అని ఆవిడ అనుమానం. తెలివికీ దానికీ సంబంధం లేదట. అక్షరాలు కుదురుగా నిలబడవు, అంతే. అది నిజమని తేలితే పరీక్షలో అదనపు సమయం ఇస్తారు, స్పెల్లింగు తప్పులకి మార్కులు కొయ్యరు.

పరీక్షించే ఆవిడ పేరు మిసెస్ పెన్‌రోజ్. నా చిన్నతనం తెలిసిన వాళ్ళెవరో ఒకరు ఒక ఫారం నింపి ఆవిడకి నేరుగా పంపాలి. అమ్మ లేదు. నాన్న ఎక్కడున్నాడో ఆయనకే తెలియాలి. మిగిలింది నువ్వే. పన్నెండు ప్రశ్నలు, కవరు మీద స్టాంపు కూడా అంటించాను. నా ఏడాదంతా దీని మీదే ఉంది, ఆలస్యం చెయ్యకు.

డెరెక్ బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి,
లినెట్


బర్న్‌లీ,
27 అక్టోబర్ 2018

లినెట్‌కి,

నీ ఫోన్ అక్షరాలు బానే వేస్తోంది గానీ నోరు మాత్రం నీదే. పిల్లిబొమ్మ కార్డు నీకు నచ్చుతుందని కొన్నాను.

ఫారం నింపి నిన్ననే పోస్ట్ చేశాను. మధ్యాహ్నం బడి వంటగదిలో కస్టర్డ్ గిన్నెలు కడిగేసి, అక్కడే బల్ల మీద కూర్చుని, నల్ల సిరాతో, కొట్టివేతలు లేకుండా రాశాను. ఈ ప్రశ్నలు తయారుచేసిన మనిషెవరో గానీ ఎదురుపడితే నాలుగు దులిపేదాన్ని. మీ అమ్మ కడుపుతో ఉన్నప్పుడు తాగేదా? పిల్ల తల మీద పడిందా? కుడీ ఎడమా తడబడేదా? బూట్ల తాళ్ళు కట్టుకోవడం ఎప్పుడొచ్చింది? నీ పెళ్ళి రోజున చర్చి మెట్ల మీద కూడా నీ బూట్ల తాళ్ళు నేనే కట్టాను, అది వాళ్ళకెందుకు చెప్పాలి? ఇంట్లో పుస్తకాలుండేవా అని కూడా అడిగారు. అంటే మనం ఎలాంటి వాళ్ళమో కూపీ లాగడమేగా.

నువ్వేం దిగులు పడకు. వాళ్ళు వేలెత్తి చూపడానికి ఒక్క సందు కూడా నేను మిగల్చలేదు. ఆ కాగితం చదివితే నిన్ను కాలేజీలోంచి పంపెయ్యాలంటే వాళ్ళకే సిగ్గెయ్యాలి.

డెరెక్ పెంచిన గుమ్మడికాయకి ఈసారి రెండో బహుమతి వచ్చింది. మొదటిది పొందిన కాయని లోపల తడి గుడ్డలు పెట్టి బరువు పెంచారని మూడు రోజులుగా ఒకటే గొణుగుడు. ఆ కాయని కోసి చూపించమని కమిటీకి అర్జీ పెడతాడట. నా చెవులు పోవడం ఒకందుకు మంచిదే అయింది.

స్కార్ఫ్ పంపుతున్నాను. హల్‌లో గాలి ఎముకలు కొరుకుతుందని విన్నాను.

బెవర్లీ


హల్,
2 డిసెంబర్ 2018

బెవర్లీకి,

"అక్క" అని మొదలుపెట్టడానికి నోరు రాలేదు. స్కార్ఫ్ తిరిగి పంపేద్దామనుకున్నాను, చలి వల్ల ఆగాను.

మొన్న గురువారం మిసెస్ పెన్‌రోజ్ నన్ను మూడు గంటలు పరీక్షించింది. అర్థం లేని మాటలు చదివించింది, అంకెలు వెనక్కి చెప్పించింది, గడియారం పెట్టి రాయించింది. చెమటలు కారిపోయాయి. అంతా అయ్యాక నువ్వు పంపిన ఫారం తీసి నా ఎదురుగా పైకి చదివింది. చదవనా నీకు? మొదటి పుట్టినరోజుకి ముందే నడిచింది. నాలుగో ఏట చదవడం వచ్చింది. ఐదో ఏట తాతగారికి రోజూ పేపర్ చదివి వినిపించేది. దస్తూరి చూసి టీచర్లు ముచ్చటపడేవాళ్ళు. బడి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. ఇంటి నిండా పుస్తకాలు.

ఏ తాతగారు, బెవర్లీ? ఇద్దరు తాతలూ నేను పుట్టకముందే పోయారు! మనింట్లో ఉన్నవి ఒక బైబిలూ, గ్యాస్ కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండరూ. తొమ్మిదో ఏట కూడా నా పేరులో అక్షరాలు నాకు కుదిరేవి కావు. అది నువ్వెరగవా?

మిసెస్ పెన్‌రోజ్ మంచి మనిషి, తన పని తను చేసింది. కొన్ని చోట్ల నా అంకెలు తక్కువగానే ఉన్నాయట. కానీ డిస్లెక్సియా చిన్నప్పటి నుంచీ ఉంటుంది, నడివయసులో కొత్తగా రాదు. "మీ చిన్నతనం గురించి మీ కుటుంబం చెప్పింది పూర్తిగా వేరేగా ఉంది. చదువు మానేసి చాలా కాలమవడం వల్ల కూడా ఇలా ఉండొచ్చు. నిర్ధారించలేను" అని రాసి సంతకం పెట్టింది. అదనపు సమయం లేదు. జనవరిలో స్టాటిస్టిక్స్ పరీక్ష అందరితో పాటే రాయాలి. ఎనిమిదో ప్రశ్న ఒక్కటి చాలు నన్ను ముంచడానికి. ఈ పిల్లని ఇంతకుముందు ఏ సైకాలజిస్టైనా పరీక్షించారా, లేకపోతే ఎందుకు లేదు అని అడిగితే, "అలాంటి అవసరం ఎన్నడూ రాలేదు" అని రాశావు, కింద రెండు గీతలు కూడా గీసి.

చిన్నప్పుడు పొద్దున లేస్తే "మొద్దు" అనేదానివి. మొద్దూ, టీ తీసుకురా. మొద్దూ, గడియారం చూడు. నాకు ఒకే ఒక్కసారి నేను మొద్దునని నువ్వు చెప్పాల్సిన అవసరమొస్తే మహామేధావిని చేసి కూర్చోబెట్టావు. బస్సులో వస్తూ ఆలోచించాను, నాకు తట్టిన కారణం ఒక్కటే. నేను పాసవడం నీకిష్టం లేదు. నువ్వు కస్టర్డ్ కలుపుతుంటే నేను డిగ్రీ పట్టా పట్టుకుని రావడం నువ్వు చూడలేవు. అవునో కాదో నువ్వే చెప్పు.

లినెట్


బర్న్‌లీ,
9 డిసెంబర్ 2018

లినెట్‌కి,

చెప్తాను. చెవులు పోయాయి గానీ చెయ్యి బానే ఉంది.

నువ్వు పాసవడం నాకిష్టం లేదా? నీకు తొమ్మిదో ఏడు వచ్చేనాటికి నాకు ఇరవై నిండలేదు. మిల్లులో ఆరు మగ్గాలు చూసుకుని ఇంటికొచ్చి నీ సాక్సులు ఉతికేదాన్ని. నా ఈడువాళ్ళు శనివారం డాన్సులకి పోతుంటే నేను నీ తలలో పేలు దువ్వాను. ఆ పనికి నాకెవడూ పట్టా ఇవ్వలేదు. ఇప్పుడు కస్టర్డ్ కలుపుతున్నానని ఎగతాళి చేస్తావా? మూడు వందల మంది పిల్లలు తింటారు నా కస్టర్డ్, గిన్నెలు నాకి మరీ.

ముక్కూ మొహం తెలియని మనిషికి, సిరాతో, సంతకం పెట్టి, మా చెల్లిలో లోపముందని రాసివ్వాలా? అలాంటి కాగితాలు ఏ బీరువాలో చేరతాయో నీకు తెలుసా? రేపు నీకు ఉద్యోగమిచ్చేవాడు దాన్ని తీసి చూస్తే? నేను నీకు మంచి పేరు రాశాను. ఎవరైనా అక్క చేసే పని అదే. తాతగారి సంగతి కొంచెం ఎక్కువైంది, ఒప్పుకుంటాను.

ఇదంతా ఆ సైకాలజీ నేర్పిన బుద్ధి. రెండు నెలలు చదివావు, అప్పుడే తప్పంతా ఇంట్లోవాళ్ళదని తేల్చేశావు. తల్లుల్ని తిట్టడానికేగా ఆ చదువు. నేను నీ తల్లిని కూడా కాదు, నాకెందుకా వాటా?

ఏ ఆఫీసు నుంచీ ఎవరూ నీ గురించి అడగడానికి రాలేదు. ఎనిమిదో ప్రశ్నకి రాసింది నిజమే. క్రిస్మస్‌కి రావాలనిపిస్తే రా, లేకపోతే మానెయ్. డెరెక్ బాతు తెస్తానంటున్నాడు.

బెవర్లీ


హల్,
20 జనవరి 2019

బెవర్లీకి,

క్రిస్మస్‌కి ఎందుకు రాలేదో ఇప్పుడు చెప్తాను. ఒక కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మా క్లాసులోనే ఒక రిటైరైన పోలీసాయన ఉన్నాడు, నెవిల్ అని. "నీ గురించి ప్రభుత్వం రాసుకున్న ఫైలు అడిగే హక్కు నీకుంది, అడుగు" అన్నాడు. అడిగాను. విద్యాశాఖ వాళ్ళు ఐదు కాగితాలు పంపారు. మొదటిది బడిలో నా టీచరు మిస్ హెస్కెత్ రాసింది. నాకు ఆవిడ జ్ఞాపకమే, మెడలో పచ్చ పూసలు వేసుకునేది. ఏం రాసిందో తెలుసా? "ఈ పాప చాలా చురుకైనది. నోటితో అడిగితే క్లాసులో అందరికంటే ముందు జవాబు చెబుతుంది. కాగితమిస్తే ఏడుస్తుంది. సైకాలజిస్టు చూడాలి." 1986 మార్చిలో. ముప్ఫై మూడేళ్ళ క్రితం ఒక మనిషి నన్ను చురుకైనది అంది. నాకెవరూ చెప్పలేదు.

సైకాలజిస్టు మే 14న మనింటికి వచ్చాడు. తలుపు తాళం వేసి ఉందని రాసుకున్నాడు. ఇంకో తేదీ ఇస్తామని ఉత్తరం పంపారు. దానికి వచ్చిన జవాబు కూడా ఫైల్లో ఉంది. "మా చెల్లికి ఏమీ లేదు, ఒట్టి బద్ధకం. ఇకపై రావద్దు. బి. ఎంట్విసిల్." నీ దస్తూరి, నల్ల సిరా, కొట్టివేతలు లేవు.

మే 14 బుధవారం, నా పుట్టినరోజుకి ముందు రోజు. నువ్వు మిల్లుకి సెలవు పెట్టి, నన్ను బడి మాన్పించి, పెరటి గేటు గుండా బయటికి తీసుకెళ్ళి మోర్కమ్ బస్సెక్కించావు. గాడిద మీద సవారీ, రెండు ఐస్‌క్రీములు, నీ కోటు కప్పుకుని సముద్రం చూడటం. నా చిన్నతనంలో అంత మంచి రోజు ఇంకోటి లేదు. కట్టుకున్న గ్యారీ నన్నొదిలి వెళ్ళిపోయినప్పుడు కూడా ఆ రోజునే తలుచుకుని పడుకునేదాన్ని. నా కోసం సెలవు పెట్టావనుకున్నాను. ముందు గుమ్మంలో నిలబడ్డ మనిషి నుంచి నన్ను దాచావు. ఆ ఒక్క రోజైనా నాకు మిగలకుండా చేశావు.

స్టాటిస్టిక్స్‌లో ముప్ఫై ఒకటి. సగం ప్రశ్నలు చదవడం పూర్తవకముందే గంట కొట్టారు. ఇక ఆగస్టు ఒక్కటే.

ఎవరూ రాలేదని సిగ్గులేకుండా ఎలా రాశావు?

లినెట్


బర్న్‌లీ,
3 ఫిబ్రవరి 2019

లినెట్‌కి,

అవును, వచ్చారు. ఒకరు కాదు.

అమ్మ 1985 నవంబరులో పోయింది. నాన్న జనవరిలో సిగరెట్లకని వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పటి నుంచీ పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి మిస్ పార్జెటర్ అనే ఆవిడ రెండు వారాలకోసారి వచ్చేది. నువ్వు ఆవిడని పలకరించడానికి వచ్చే బంధువనుకునేదానివి, బిస్కెట్లు తెచ్చేది కదా. మన వంటింటి బీరువాలు తెరిచి చూసేది. నీ మంచం మీద దుప్పటి ఎత్తి చూసేది. "మీకు పందొమ్మిదే కదూ, బెవర్లీ. ఇంత బరువు మీరెందుకు మోయాలి?" అని నవ్వుతూ అనేది. మన వీధిలోనే తొమ్మిదో నంబరు ఇంటి క్లెగ్ పిల్లల్ని ఆ ఫిబ్రవరిలోనే కార్లో ఎక్కించుకుని పోయారు. పెద్దదాన్ని ఒక ఊరికి, చిన్నవాణ్ణి ఒక ఊరికి. వాళ్ళ మీద ఫైలు మొదలైంది ఎలాగో తెలుసా? చిన్నవాడికి నత్తి ఉందని బడివాళ్ళు ఉత్తరం రాశారు.

సరిగ్గా అప్పుడే మీ పచ్చపూసల మిస్ హెస్కెత్ ఉత్తరం వచ్చింది. నేనేం చెయ్యాలి? ఇంకో ఆఫీసరు ఇంకో సంచీతో వచ్చి నీలో ఏదో ఉందని రాసుకుంటే, ఆ కాగితం వెళ్ళి పార్జెటర్ బల్ల మీద పడదా? పెరటి గేటు తెరిచాను. మళ్ళీ ఆ రోజొస్తే మళ్ళీ తెరుస్తాను. నీకు కోపమొస్తే రానీ.

గాడిదా నిజమే, ఐస్‌క్రీమూ నిజమే. నా సగం వారం కూలి పోయింది. నువ్వు నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, అది నటన కాదు.

కానీ అదంతా మళ్ళీ సిరాతో రాసి ఆఫీసుకి పంపమంటే పంపను. నేను ప్రభుత్వానికి అబద్ధం చెప్పాను. బడి వంటగదిలో పని చేస్తున్నాను, పిల్లల మధ్య. ఎవరైనా ఆ కాగితం పట్టుకుని అడిగితే ఏం చెప్పను? డెరెక్ కూడా తవ్వుకోవద్దనే అంటున్నాడు.

బెవర్లీ


హల్,
24 ఫిబ్రవరి 2019

బెవర్లీకి,

నన్నిప్పుడు ఎవరు తీసుకుపోతారు? నలభై రెండో ఏడు రాబోతోంది, మోకాళ్ళు నొప్పి, ఇంటి మీద అప్పు. నన్ను కారెక్కించుకుని పోయేంత పిచ్చి ఏ ఆఫీసుకీ లేదు. నిన్నూ ఎవరూ అడగరు. ఆ పార్జెటర్ బతికుంటే తొంభై ఏళ్ళుంటాయి.

నీ ఉత్తరం చదివి ఏడవలేదని అబద్ధమాడను. ఆ క్లెగ్ పిల్లలు రాత్రికి రాత్రి ఊరు మారిపోయారని చెప్పావు నాకు. మే 14న పెరటి గేటు తీసినందుకు నిన్ను నేను ఏమీ అనను. ఆ గేటు తీసిన అమ్మాయికి పందొమ్మిదేళ్ళు, భయపడింది, నేనైనా అదే చేసేదాన్ని.

నా కోపం దాని మీద కాదు, ఆ తర్వాత గడిచిన ఏళ్ళ మీద. నాకు పద్దెనిమిది నిండిన రోజున ఏ ఆఫీసరూ నన్ను ముట్టుకోలేడు. ఆ రోజు చెప్పొచ్చుగా? "మొద్దువి కాదే, ఒక టీచరమ్మ నిన్ను చురుకైనదంది, వెళ్ళి పరీక్ష చేయించుకో" అని ఒక్క ముక్క? బదులుగా చేపల ఫ్యాక్టరీ దరఖాస్తు నువ్వే నింపి నా చేతిలో పెట్టావు. "నీకు ఇదే సరిపోతుందిలే, చదవాల్సింది ఏమీ ఉండదు" అన్నావు. నేను తలూపాను. నువ్వు చెప్పావు కాబట్టి నమ్మాను. గ్యారీ నా స్పెల్లింగు చూసి స్నేహితుల ముందు నవ్వితే వాడిది నిజమే కదా అనుకున్నాను. ఇరవై మూడేళ్ళు రోజూ పొద్దున ఐస్ ముక్కల్లో చేతులు పెట్టి, నాకింతకంటే రాదు అనుకున్నాను. నువ్వు ఆఫీసరు నుంచి దాచావు సరే, నా నుంచి ఎందుకు దాచావు?

కొత్త ఫారం ఇందులో పెడుతున్నాను. అవే పన్నెండు ప్రశ్నలు. పాత ఫైలు ఇస్తే చాలదా అని అడిగాను. చాలదట, చిన్నప్పుడు ఇంట్లో ఉన్న మనిషి చెప్పాలట. మే నెలాఖరులోగా అందితే మిసెస్ పెన్‌రోజ్ మళ్ళీ చూస్తానంది, ఆగస్టు పరీక్షకి సరిపోతుంది. ఆ తర్వాత అందితే చలిమంటలోకి తప్ప ఎందుకూ పనికిరాదు.

నింపుతావో లేదో నీ ఇష్టం. నింపకపోతే ఇంక నాకు రాయకు.

లినెట్


హల్,
5 మే 2019

బెవర్లీకి,

పది వారాలయింది. నీ జవాబు అర్థమైంది. ఈసారి పుట్టినరోజుకి పిల్లిబొమ్మ కార్డు పంపొద్దు, చింపేస్తాను.

లినెట్


బర్న్‌లీ,
8 మే 2019

లినెట్‌కి,

నింపకపోతే రాయొద్దన్నావు, అందుకే రాయలేదు. నింపడం నీ ఫోన్‌తో మాట్లాడినంత సులువనుకున్నావా? మొదటిది మూడో ప్రశ్న దగ్గర చింపేశాను. మా బడి ఆఫీసులో అమ్మాయి చేత ముందే తీయించుకున్న నకళ్ళలో ఇంకో రెండు పాడు చేశాను. ఇది నాలుగోది. ఆ పెన్‌రోజ్‌కి నేరుగా పంపడం లేదు. ముందు నువ్వు చదువు. చదివాక పంపాలనిపిస్తే నువ్వే పంపు, నన్ను మళ్ళీ అడక్కు. ఇందులో దాచుకోవాల్సింది నాకింకేమీ మిగల్లేదు.

బెవర్లీ

విద్యార్థి పేరు: లినెట్ ఎంట్విసిల్.

నింపేవారు: బెవర్లీ హార్‌గ్రీవ్స్. అక్కని. 1985 నవంబరు నుంచి పెంచింది నేనే.

1. నడక, మాట: నడక మామూలుగానే. మాటలు తొందరగా వచ్చాయి, ఇంతవరకూ ఆగలేదు.

2. తల్లి కడుపుతో ఉన్నప్పుడు తాగడం, పిల్ల తలకి దెబ్బలు: రెండూ లేవు.

3. చదవడం: తొమ్మిదో ఏడు దాటినా రాలేదు. పక్కవాళ్ళు చదివింది విని, గుర్తుపెట్టుకుని, పుస్తకం చూస్తూ అప్పచెప్పేది. నేను ఒకసారి పుస్తకం తలకిందులుగా ఇచ్చాను. అలాగే చదివింది.

4. రాయడం: అక్షరాలు అద్దంలో లాగ తిరగబడేవి. కూర్చోబెట్టి రాయిస్తే పెన్సిలు విరిచేసేది.

5. కుడి, ఎడమ: ఇప్పటికీ తప్పు దారిలోనే తిరుగుతుంది.

6. బూట్ల తాళ్ళు: నేనే కట్టేదాన్ని.

7. ఇంట్లో పుస్తకాలు: బైబిలు. క్యాలెండరు.

8. ఇంతకుముందు సైకాలజిస్టు పరీక్షించారా, లేకపోతే ఎందుకు లేదు: లేదు. 1986 మే 14న ఒకాయన మా ఇంటికి వచ్చాడు. వస్తాడని నాకు తెలుసు. పిల్లని తీసుకుని పెరటి గేటు గుండా వెళ్ళిపోయాను. మళ్ళీ రావద్దని ఉత్తరం కూడా నేనే రాశాను. పిల్లని నా దగ్గర నుంచి తీసుకుపోతారని భయపడ్డాను. ముందు పంపిన ఫారంలో ఈ ప్రశ్నకి నేను రాసింది అబద్ధం. మిగతా వాటికి రాసింది కూడా.

9. బడిలో ప్రవర్తన: కాగితమిస్తే ఏడ్చేది. కడుపునొప్పి అని అబద్ధం చెప్పేది. అబద్ధమని తెలిసీ పంపించేదాన్ని.

10. కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందా: మా నాన్న పేపరు ముందు పెట్టుకుని బొమ్మలే చూసేవాడు. మేం అడగలేదు.

11. ఇంటివాళ్ళు ఈ ఇబ్బందిని ఏమనేవారు: మొద్దు అనేవాళ్ళం. అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేను.

12. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా: పదకొండో ప్రశ్న గురించి చెప్పాలి. పిల్లలో ఏదో ఉందంటే ఆఫీసుల వాళ్ళు ఫైలు తెరుస్తారు. పిల్ల మొద్దు అంటే నవ్వి వెళ్ళిపోతారు. మొద్దుపిల్లని ఎవరూ తీసుకుపోరు. అందుకని పార్జెటర్ ముందు అన్నాను, టీచర్ల ముందు అన్నాను, వీధిలో అందరూ వినేలా అన్నాను. పిల్ల కూడా వింటోందని పట్టించుకోలేదు. ఆ భయం పోయాక కూడా ఆ మాట నా నోట్లోంచి పోలేదు. ఆ తర్వాత చెప్పాలంటే, ఇన్నేళ్ళూ నేను చేసిందేమిటో ముందు నాకు నేను చెప్పుకోవాలి. అది నా చేత కాలేదు. ఆమె ఎప్పుడూ మొద్దు కాదు. అది నాకు మొదటి నుంచీ తెలుసు.

సంతకం: బి. హార్‌గ్రీవ్స్


హల్,
15 సెప్టెంబర్ 2019

అక్కా,

పాసయ్యాను. స్టాటిస్టిక్స్‌లో యాభై ఎనిమిది. అదనంగా నలభై ఐదు నిమిషాలిచ్చారు, వాటిలో ముప్ఫై వాడుకున్నాను, మిగతా పదిహేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ప్రశ్నలన్నీ చదవడం పూర్తయిన మొదటి పరీక్ష ఇది.

నాలుగు నెలలుగా నీకెందుకు రాయలేదో నీకే తెలుసు. ఫారం చదివాను. మర్నాడే మిసెస్ పెన్‌రోజ్‌కి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ పన్నెండో గడి చదివి, కళ్ళజోడు తీసి, "నీళ్ళు కావాలా?" అని అడిగింది. నాకో, ఆవిడకో తెలియలేదు. నేను మాత్రం తాగలేదు.

క్షమించాననుకోకు. వారంలో ఐదు రోజులు నీ మీద కోపంగానే ఉంటాను. బస్టాపులో నిలబడి మనసులో నీతో పోట్లాడతాను, ప్రతిసారీ గెలుస్తాను, బస్సొచ్చాక మళ్ళీ మొదలు. నీకు తెలిసీ నాకు చెప్పలేదన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి పళ్ళు నూరుకుంటున్నాను. అది ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. తగ్గిందని నీ సంతోషం కోసం రాయను, మన ఇద్దరిలో ఒకరు రాసిన అబద్ధాలు చాలు.

ఈ క్రిస్మస్‌కి కూడా రాను. బాతు డెరెక్ బావనే తినమను.

నిన్న డిగ్రీ మొదటి సంవత్సరంలో పేరు నమోదు చేసుకున్నాను. మళ్ళీ ఒక ఫారం. నాకేదైనా అయితే ముందుగా ఎవరికి చెప్పాలి అని అడిగారు. నా వెనక ఇరవై మంది పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. పెన్ను పట్టుకుని కోపంతో అలాగే నిలబడ్డాను. ఎంత ఆలోచించినా ఇంకో పేరు తోచలేదు. నీ పేరే రాశాను.

లినెట్